కొమినో గుహల్లో దిగుతున్నారా? పది మీటర్లే కదా అనుకోకండి

మాల్టాలో చదువుకో ఉద్యోగానికో ఉంటున్న మనవాళ్లు జూన్ రాగానే కొమినో దీవికి బయల్దేరతారు, అక్కడి శాంటా మరియా గుహలు చూడ్డానికి. లోతు పది మీటర్లకు అటూ ఇటూ అంతే, అందుకే కొత్తగా స్కూబా డైవింగ్ సర్టిఫికెట్ తీసుకున్నవాళ్లు కూడా ధైర్యంగా దిగుతారు. నాకు భయం వేసేది ఆ ధైర్యాన్ని చూసే.

పది మీటర్ల దగ్గర ఒక లీటరున్న గాలి పైకి వచ్చేసరికి రెండు లీటర్లవుతుంది. కంగారులో ఊపిరి బిగబట్టి పైకి లేచారంటే ఊపిరితిత్తులు చిరిగిపోవచ్చు, కాబట్టి ఏం జరిగినా శ్వాస ఆపొద్దు. చెవులు నొప్పి పుట్టాక కాదు, దిగడం మొదలుపెట్టినప్పటి నుంచే వాటిలో ఒత్తిడి సర్దుకుంటూ వెళ్లాలి. జలుబుంటే ఆ రోజు బోటులో కూర్చోండి, పోయేదేం లేదు.

ఇక గుహ. తలమీద రాయి ఉంటే నేరుగా పైకి రాలేరు, అసలు తేడా అదే. కేవ్ శిక్షణ లేనివాళ్లు పగటి వెలుగు కనబడేంత వరకే లోపలికి వెళ్లాలి. సిలిండర్‌లో ఉన్న గాలిలో మూడో వంతు వెళ్లడానికి, మూడో వంతు రావడానికి, మిగతాది ముట్టుకోకూడదు. మనిషికో టార్చి ఉండాల్సిందే. నేను మొదటిసారి ఒక ఇరుకు చోట ఫిన్స్, అంటే కాళ్లకు తొడుక్కునే రెక్కలు, కిందకి కొట్టాను, అడుగునున్న మెత్తటి మట్టి లేచి రెండు క్షణాల్లో నా చెయ్యి నాకే కనబడలేదు, వెనకాల వస్తున్నాయన బూతులు తిట్టి ఉంటాడు, నీళ్లలో కాబట్టి వినబడలేదు. అప్పట్నుంచి మోకాళ్లు మడిచి కప్పలాగే ఈదుతున్నాను.

ఉత్తరం గాలి ఉంటే ఆ గుహలు మానేయండి, అల లోపలికి తోసి రాతికి కొడుతుంది. రాళ్లమీద చెయ్యి వేయొద్దు, ఫైర్‌వార్మ్ అనే సముద్రపు పురుగు వెంట్రుకలు గుచ్చుకుంటే మంట అంత తొందరగా తగ్గదు. చేపలకు బ్రెడ్ వేసే సరదా కూడా వద్దు, అవి ముఖం చుట్టూ మూగితే పక్కవాడు ఎటుపోయాడో తెలియదు.

బయటికొచ్చేటప్పుడు బోట్లతో జాగ్రత్త, వేసవిలో అక్కడ బస్టాండులా ఉంటుంది. కింద మనం ఉన్నామని బోట్లకు చూపించే నారింజ రంగు బోయా పైకి వదిలాకే తల ఎత్తండి. రెండు మూడు డైవ్‌లు చేస్తే కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు, ఇంటికి టికెట్ ఉన్నవాళ్లు ముందే లెక్క చూసుకోండి. డైవ్ తర్వాత కీళ్ల నొప్పి, తిమ్మిరి వస్తే పడుకుంటే తగ్గుతుందని ఊరుకోకుండా వెంటనే 112కి ఫోన్ చేయండి.