ఊరి గుట్ట మీది చిన్న అడవిని కాపాడుకోవడం ఎలా?

అడవి పెంచుదాం అనగానే చాలామంది గడ్డపారలతో గుంతలు తవ్వడానికి బయల్దేరతారు. మన గుట్టల మీద ఆ పని చివర్లో చూసుకోవచ్చు, ఎందుకంటే మోదుగ, తునికి, బలుసు లాంటివి ఎంత నరికినా, ఎంత మేపినా మట్టిలో వేళ్లతో బతికే ఉంటాయి, కాస్త ఊపిరి పీల్చుకోనిస్తే వాటంతట అవే లేస్తాయి.

ముందు స్థలం ఎవరిదో కనుక్కోండి. రిజర్వ్ ఫారెస్ట్ అయితే అటవీ శాఖ అనుమతి లేకుండా కొమ్మ కూడా ముట్టుకోవద్దు. పంచాయతీదైతే గ్రామసభలో మాట్లాడండి, మేకల కాపరులను తప్పకుండా పిలవండి. ఏ పిట్ట ఎక్కడ గుడ్లు పెడుతుందో వాళ్లకే బాగా తెలుసు, పైగా ఒక పక్క రెండేళ్లు మేత ఆపాలంటే ఒప్పుకోవాల్సింది వాళ్లే.

తర్వాత లాంటానా అనే కలుపు పొద పని పట్టండి. పైపైన నరికితే వానలకు ఇంకా గుబురుగా వస్తుంది. కాయలు పండకముందే, నేల తడిగా ఉన్నప్పుడు, మొదలు దగ్గర మట్టి తోడి, రెండు మూడు అంగుళాల లోతున తల్లివేరు నరికి, పొదను తలకిందులుగా పెట్టి ఎండనివ్వండి. బూట్లు, తోలు గ్లోవ్స్ ఉండాల్సిందే, ఆ పొదల కింద రక్తపింజర ఉండొచ్చు. మేం ఒక పొద ఎత్తితే దాని కింద జానెడు తునికి మొక్క, ఎండ తగలక పాలిపోయిన నాలుగు ఆకులతో నిలబడి ఉంది. అప్పటినుంచి ముందు వంగి చూశాకే కత్తి వేస్తున్నాం. అలాగని గుట్టంతా ఒకేసారి ఖాళీ చేయొద్దు, కుందేళ్లు, కౌజులు దాక్కునేది అందులోనే. ఏడాదికి మూడో వంతు చాలు.

మోదుగ, తునికి లాంటి చెట్టును ఎవరో నరికిన మొద్దుకు పది చిగుళ్లు వస్తే బలమైన రెండు ఉంచి మిగతావి తీసేయండి.

ఫిబ్రవరి రాకముందే చుట్టూ మూడు మీటర్ల వెడల్పున ఎండాకులు, గడ్డి లేకుండా, నిప్పు లోపలికి పాకకుండా ఆపే ఫైర్‌లైన్ తీయండి. లోపలి ఆకులను మాత్రం కదిలించొద్దు. ఎండిపోయిన చెట్టును కట్టెలకు కొట్టొద్దు, పాలపిట్టలు, చిలుకలు, గుడ్లగూబలు ఆ తొర్రల్లోనే పిల్లలను సాకుతాయి.

ఎండాకాలం నీళ్లకు ప్లాస్టిక్ టబ్ వద్దు. మేం పెట్టిన టబ్‌లో ఉడుత పిల్ల ఒకటి నున్నటి గోడ ఎక్కలేక మునిగిపోయింది, ఇప్పటికీ బాధే. అంచులు వాలుగా ఉండే సాసర్ పిట్ కట్టి, మధ్యలో రాయి పెట్టి, వారానికోసారి కడగండి. నీళ్ల చుట్టుపక్కల క్లచ్ వైరు ఉచ్చులు ఉన్నాయేమో చూడండి, కనిపిస్తే ఫోటో తీసి అటవీ శాఖ బీట్ ఆఫీసర్‌కు చెప్పండి. నెమలిని, ఉడుమును వేటాడటం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

ఇంకా ఖాళీలు మిగిలితే తొలకరికి రేగు, సీతాఫలం, రేల గింజలు వేయండి. రేల గింజ పెంకు గట్టిది, గరుకు రాయి మీద కాస్త రుద్ది నాటండి, పైన ముళ్లకంప కప్పండి.