యూఎన్‌లో ప్రమోషన్ రాలేదా? ముందు ఆ మెయిల్ వచ్చిన తేదీ రాసిపెట్టుకోండి

పై గ్రేడు పోస్టుకు అప్లై చేశారు, రాతపరీక్ష అయింది, ఇంటర్వ్యూ బాగానే చేశామనిపించింది, కొన్ని నెలల తర్వాత మిమ్మల్ని ఎంపిక చేయలేదని రెండు లైన్ల మెయిల్ వచ్చింది. ఆ రోజు ఎవరికైనా ఫోన్ చేసి బాధ చెప్పుకోవాలనిపిస్తుంది, చెప్పుకోండి. కానీ అంతకంటే ముందు మెయిల్ వచ్చిన తేదీ రాసిపెట్టుకోండి, ఎందుకంటే ఐక్యరాజ్యసమితి సచివాలయంలో, యూఎన్‌డీపీ, యూనిసెఫ్ లాంటి చోట్ల ఆ నిర్ణయం మీద అభ్యంతరం పెట్టడానికి మీకు ఉండేది 60 రోజులే. సెలవులతో సహా 60 రోజులు. మార్చి 3న మెయిల్ వస్తే మే 2తో గడువు అయిపోయినట్టే.

నేను ఒక ఫీల్డ్ ఆఫీసులో పనిచేసేటప్పుడు ఈ గడువు దాటిపోనిచ్చాను. హెచ్‌ఆర్ వాళ్లు "కనుక్కుని చెబుతాం" అంటుంటే నమ్మి ఎదురుచూశాను, ఈలోపు 71 రోజులైపోయాయి. తర్వాత తెలిసింది, ఈ మొదటి గడువు దాటితే మాఫీ చేసే అధికారం ట్రిబ్యునల్‌కి (యూఎన్ సిబ్బంది వివాదాలు తేల్చే కోర్టు లాంటిది) కూడా లేదని. నా కేసులో న్యాయం ఉందా లేదా అన్న ప్రశ్న దాకా కూడా పోలేదు. అందుకే ఇదంతా ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు మీ హక్కు ఏమిటో తెలుసుకోండి, ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. యూఎన్ చార్టర్ 101వ అధికరణం ప్రకారం సిబ్బంది ఎంపికలో అన్నిటికన్నా ముందు చూడాల్సినవి సామర్థ్యం, పని నైపుణ్యం, నిజాయతీ. వీలైనన్ని దేశాల నుంచి మనుషుల్ని తీసుకోవడం మీద కూడా తగిన శ్రద్ధ పెట్టాలి. 8వ అధికరణం ఏ పదవికైనా ఆడామగా తేడా లేకుండా అందరూ అర్హులేనంటుంది. వీటివల్ల ప్రమోషన్ మీద హక్కు రాదు. మీ దరఖాస్తును పూర్తిగా, న్యాయంగా పరిశీలించాలని అడిగే హక్కు మాత్రం వస్తుంది. పదిహేనేళ్లు సర్వీసు చేసినా, పైనున్న ఆ పోస్టు పనే ఏడాదిపాటు మీరు చేసినా సరే, ఎంపికైన మనిషికన్నా నేను మెరుగు అన్న వాదన ఒక్కటే నిలబడదు. ఎవరు మెరుగో ట్రిబ్యునల్ తేల్చదు. నిబంధనలు పాటించారా, ఎవరి మీదైనా పక్షపాతం చూపించారా, చూడాల్సిన కాగితం చూడకుండా వదిలేశారా, ఇంతవరకే చూస్తుంది. పైగా ఎంపిక సక్రమంగానే జరిగిందన్న భావనతో మొదలుపెడుతుంది. మీకు న్యాయమైన అవకాశం ఇచ్చామని సంస్థ కొద్దిగా చూపిస్తే చాలు, ఆ తర్వాత స్పష్టమైన, నమ్మదగ్గ ఆధారాలతో అది తప్పని నిరూపించాల్సిన భారం మీదే.

కాబట్టి ఆధారాలు పోగుచేయడం అప్లై చేసే రోజే మొదలవ్వాలి. జాబ్ ఓపెనింగ్ (ఆ పోస్టు ప్రకటన) మొత్తాన్ని పీడీఎఫ్‌గా దాచుకోండి, గడువు అయిపోయాక సైట్‌లో వెతికితే దొరకకపోవచ్చు, రేపు మీ వాదన అంతా అందులో రాసిన అర్హతల మీదే నడుస్తుంది. ఇన్‌స్పిరాలో, అంటే సచివాలయం ఉద్యోగాలకు అప్లై చేసే సైట్‌లో, మీరు పంపిన దరఖాస్తు కాపీ కూడా దించుకోండి. అందులో ప్రతి ఉద్యోగానికీ నెల, సంవత్సరం సరిగ్గా వేయండి. మాస్టర్స్ ఉన్నవాళ్లకు మామూలుగా పీ-3కి (పీ అంటే ప్రొఫెషనల్ గ్రేడు) 5 ఏళ్లు, పీ-4కి 7, పీ-5కి 10 ఏళ్ల అనుభవం అడుగుతారు, డిగ్రీ ఒక్కటే ఉంటే ఇంకో రెండేళ్లు అదనం. నెలలు తప్పు వేసి అనుభవం తక్కువ పడితే అక్కడే పక్కన పెట్టేస్తారు, తర్వాత అన్యాయం జరిగిందనడానికి ఏమీ ఉండదు.

ప్యానెల్‌లో మీతో గొడవపడిన వాళ్లుంటే ఆ మాట ఇంటర్వ్యూకి ముందే రాతపూర్వకంగా చెప్పండి. ఫలితం వచ్చాక చెబితే ఓడిపోయినందుకు అంటున్నారని అనుకుంటారు, మీరు నిజమే చెప్పినా బరువుండదు. ఇక్కడ మొహమాటం పడకండి. మర్యాదగా రెండు వాక్యాలు రాస్తే సరిపోతుంది.

ఇంటర్వ్యూలో అడిగేవి ఆ జాబ్ ఓపెనింగ్‌లో రాసిన కాంపిటెన్సీల (ఆ పనికి కావాల్సిన నేర్పుల) మీదే ఉండాలి. అయిపోయిన రాత్రే, టెన్షన్ తగ్గాక, గుర్తున్నదంతా రాసుకోండి: ప్యానెల్‌లో ఎవరెవరు, ఏ ప్రశ్నలు, ఎన్ని నిమిషాలు, మధ్యలో లైన్ కట్ అయితే ఆ సమయం ఇచ్చారా లేదా, పిల్లల గురించి, పెళ్లి గురించి ఎవరైనా అడిగారా. ఆరు నెలల తర్వాత గుర్తుతెచ్చుకుని రాసినదానికీ అదే రాత్రి మీకు మీరు మెయిల్ చేసుకున్నదానికీ చాలా తేడా ఉంటుంది.

మీ పనితీరు మీద ఇచ్చే వార్షిక రిపోర్టు సంగతి కూడా చూసుకోండి. సచివాలయంలో ఇది ఏప్రిల్ నుంచి మార్చి దాకా నడుస్తుంది. "అంచనాలు కొంతవరకే అందుకున్నారు" లేదా "అందుకోలేదు" అని రేటింగ్ ఇస్తే, సంతకం పెట్టాక రిబటల్ (ఆ రేటింగ్ మీద రాతపూర్వక అభ్యంతరం) పెట్టడానికి ఉండేది 14 రోజులే. మనవాళ్లు బాస్‌తో గొడవెందుకని ఊరుకుంటారు, ఆ రేటింగ్ తర్వాతి ప్రతి దరఖాస్తులోనూ ఎదురవుతుంది.

ఇక ఎంపిక కాలేదని తెలిశాక చేయాల్సింది. మొదట మేనేజ్‌మెంట్ ఇవాల్యుయేషన్ అడగాలి, అంటే ఆ నిర్ణయాన్ని సంస్థనే మళ్లీ పరిశీలించమనాలి, పైన చెప్పిన 60 రోజుల గడువు దీనికే, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఏ నిర్ణయం, ఏ తేదీన తెలిసింది, ఏ నిబంధన పాటించలేదు, మీకేం కావాలి, ఇవి రాయండి. పదేళ్ల బాధలన్నీ అందులో పోయకండి, ఒక నిర్ణయం గురించే రాయండి. న్యూయార్క్ ప్రధాన కార్యాలయం వాళ్లకు 30 రోజుల్లో, మిగతాచోట్ల వాళ్లకు 45 రోజుల్లో జవాబు రావాలి. జవాబు వచ్చినా, గడువులోగా రాకపోయినా, అక్కడి నుంచి 90 రోజుల్లో యూఎన్ డిస్ప్యూట్ ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. 2009 జులై 1 నుంచి పనిచేస్తున్న ఈ ట్రిబ్యునల్‌కు న్యూయార్క్, జెనీవా, నైరోబీల్లో బెంచీలున్నాయి, దానిపైన అప్పీల్స్ ట్రిబ్యునల్ ఉంది.

ఎంపికైన మనిషి ఇంకా చేరకపోతే ఆలస్యం చేయకండి. మేనేజ్‌మెంట్ ఇవాల్యుయేషన్ నడుస్తుండగానే, నిర్ణయం అమలును ఆపమని ట్రిబ్యునల్‌ను అడగొచ్చు. నిర్ణయం పైకి చూస్తేనే చట్టవిరుద్ధంగా కనిపించాలి, అత్యవసరం ఉండాలి, తర్వాత పూడ్చలేని నష్టం జరగాలి, ఈ మూడూ చూపించాలి, ఐదు పనిదినాల్లో తేల్చేస్తారు. నిర్ణయం అమలైపోయాక ఈ దారి మూసుకుపోతుంది. ఆ తర్వాత గెలిచినా పోస్టు చేతికి వస్తుందనుకోకండి: ప్రమోషన్ కేసుల్లో నిర్ణయం రద్దు చేసినా, దాని బదులు సంస్థ కట్టగలిగే డబ్బు ఎంతో ట్రిబ్యునల్ నిర్ణయించి తీరాలి. ఆ డబ్బు మామూలుగా రెండేళ్ల నికర మూలవేతనం దాటదు. తప్పు జరగకపోయి ఉంటే మీకు ఆ పోస్టు వచ్చే అవకాశం గట్టిగా ఉండేదని కూడా చూపించాలి. ఇరవై మందిలో ఒకరిగా ఉన్నవాళ్లకు ఇది కష్టం, ఇద్దరు ముగ్గురున్న చివరి జాబితాలో ఉన్నవాళ్లకు కాస్త సులువు.

తగాదాలను మాటలతో సర్దిచెప్పే అంబుడ్స్‌మన్ ఆఫీసుకు తప్పకుండా వెళ్లండి, రహస్యంగా మాట్లాడొచ్చు, చాలా తగాదాలు అక్కడే సర్దుకుంటాయి. కానీ అక్కడికి వెళ్లినంత మాత్రాన గడువు దానంతటది ఆగదు. రాతపూర్వకంగా పొడిగింపు రాకపోతే 60 రోజుల లోపే మీ మేనేజ్‌మెంట్ ఇవాల్యుయేషన్ కాగితం పెట్టేయండి. సిబ్బందికి ఉచితంగా న్యాయసలహా ఇచ్చే లీగల్ అసిస్టెన్స్ ఆఫీసు ఉంది, గడువుకి రెండు రోజుల ముందు కాకుండా మొదటి వారంలోనే వాళ్లకు రాయండి. ఫిర్యాదు చేసినందుకు కక్ష సాధిస్తారని భయముంటే ఎథిక్స్ ఆఫీసు ఉంది.

ఇంకో మాట, మన దగ్గర ఎక్కువ కనుక చెబుతున్నా. ఎంపీగారితోనో, విదేశాంగ శాఖలో తెలిసినవాళ్లతోనో చెప్పించుకుందామన్న ఆలోచన పెట్టుకోకండి. తమ సొంత పరిస్థితి మెరుగుపరచుకోవడానికి సభ్యదేశాల మద్దతు కోరకూడదని సిబ్బంది నిబంధనల్లోనే ఉంది. ఆ సిఫారసు మీ కేసునే పాడుచేస్తుంది. "ఇండియా కోటా" అన్నది కూడా లేదు. ఏ దేశం నుంచి ఎంతమంది ఉండాలన్న అంచనాలో సభ్యత్వానికి 40, జనాభాకు 5, ఆ దేశం యూఎన్‌కు కట్టే చందాకు 55 శాతం లెక్క వేస్తారు. అదీ రెగ్యులర్ బడ్జెట్‌లోని ప్రొఫెషనల్, ఆపై పోస్టులకే. జనాభాకు 5 శాతమేనా అని నాకూ బాధగానే ఉంటుంది, అయినా అది మీ వ్యక్తిగత కేసుకు ఆధారం కాదు.

బయటి నుంచి, అంటే హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో మొదటిసారి అప్లై చేసేవాళ్లకు మామూలుగా ఈ ట్రిబ్యునల్ అందుబాటులో లేదు, అది సిబ్బందికి, మాజీ సిబ్బందికి. 32 ఏళ్లు దాటనివాళ్లు యంగ్ ప్రొఫెషనల్స్ ప్రోగ్రామ్ చూడండి, అందులో పాల్గొనే దేశాల ఆ ఏడాది జాబితాలో మన దేశం ఉందో లేదో ముందు సరిచూసుకోండి. దరఖాస్తుకు, ఇంటర్వ్యూకు, ట్రైనింగ్‌కు, దేనికీ యూఎన్ డబ్బు తీసుకోదు. అడిగినవాడు ఎవడైనా మోసగాడే.

కన్సల్టెంట్లు, యూఎన్ వాలంటీర్లు కూడా సిబ్బంది కిందికి రారు, మీ కాంట్రాక్టులో వివాదాల గురించి ఏం రాశారో సంతకానికి ముందే చదవండి. డబ్ల్యూహెచ్‌ఓ, ఎఫ్‌ఏఓ, యునెస్కో, ఐఎల్‌ఓల్లో ఉన్నవాళ్లది వేరే దారి: ముందు సంస్థ లోపలి అప్పీలు పూర్తి చేసి, తుది నిర్ణయం అందిన 90 రోజుల్లో జెనీవాలోని ఐఎల్‌ఓ అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. లోపలి అప్పీలు గడువు సంస్థను బట్టి మారుతుంది, మీ స్టాఫ్ రూల్స్ తెరిచి ఆ ఒక్క నంబరు ఈ రోజే చూసి రాసిపెట్టుకోండి.