నల్లమల కాలిబాటలో ఎలుగుబంటి, చిరుత ఎదురైతే

ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను మీదుగా శ్రీశైలం చేరే కాలిబాట నల్లమల పులుల అభయారణ్యం గుండా సాగుతుంది. శివరాత్రికీ ఉగాదికీ ఈ దారిన నడిచే భక్తులు పెద్దపులిని తలచుకొని భయపడతారు గాని, అది సాధారణంగా మనిషి అలికిడి వినగానే తప్పుకొనే జంతువు. ముందుగా జాగ్రత్త పడవలసింది ఎలుగుబంటి విషయంలో.

ఎలుగుకు వాసన పట్టే శక్తి ఎక్కువే అయినా చూపూ వినికిడీ అంత చురుకైనవి కావు. పుట్ట తవ్వి చెదలు తినే పనిలో మునిగి మనిషి రాకను గమనించక, తీరా దగ్గరకు వచ్చాక బెదిరి మీదపడుతుంది. పిల్లలను వీపున మోస్తున్న తల్లి అయితే మరింత తెగిస్తుంది. కాబట్టి మన రాక దానికి ముందే తెలిసేలా చేయడమే అసలైన రక్షణ. గుంపుగా, మాట్లాడుకుంటూ, చేతికర్రతో బండలను తట్టుకుంటూ నడవాలి. శివనామాన్ని గట్టిగా పలుకుతూ నడవడం ఈ లెక్కన కూడా మంచిదే. చెవుల్లో ఇయర్‌ఫోన్లు మాత్రం వద్దు. ఉగాది నాటికి ఇప్పపూలు రాలుతుంటాయి, అడవిలో నీరు తగ్గుతుంది. తెల్లవారుజామున ఇప్పచెట్ల కింద, సాయంత్రం నీటిగుంటల దగ్గర, పగటివేళ బండల సందుల్లో ఎలుగులు ఉండే అవకాశం ఉంది గనుక, బహిర్భూమికైనా ఆ చోట్లకు ఒంటరిగా వెళ్లకూడదు.

దూరాన కనిపిస్తే ఫొటో కోసం ఆగకుండా, వెన్ను చూపకుండా నెమ్మదిగా వెనక్కి తగ్గాలి. పరుగులో దాన్ని మించలేము, చెట్టెక్కినా అది కూడా ఎక్కగలదు. మీదికి వస్తుంటే అందరూ ఒక్కచోట దగ్గరగా నిలబడి గట్టిగా అరవాలి. అప్పటికీ ఆగక పడదోస్తే, ఎలుగు గోళ్లు ఎక్కువగా ముఖాన్నీ తలనూ చీరుతాయి గనుక, బోర్లా పడుకొని, వేళ్లు పెనవేసిన చేతులతో మెడ వెనుక కప్పుకొని, అది వెళ్లిపోయేదాకా కదలకుండా ఉండాలి. వీపున సంచి ఉంటే తీయవద్దు.

చిరుత దగ్గర ఈ పద్ధతి పనికిరాదు. 2023 ఆగస్టులో తిరుమల అలిపిరి నడకదారిలో ఆరేళ్ల బాలికను చిరుత పొట్టనబెట్టుకున్నాక, మధ్యాహ్నం 2 గంటల తర్వాత చిన్నపిల్లలను కాలిబాటపైకి అనుమతించకుండా టీటీడీ ఆంక్షలు పెట్టింది. నల్లమలలోనూ పిల్లలను ముందుకో వెనక్కో వదలకుండా పెద్దల మధ్యనే నడిపించాలి. చీకటి పడకముందే మజిలీ చేరాలి. చిరుత ఎదురైతే కూర్చోకూడదు, పరుగెత్తకూడదు. దానిపై నుంచి చూపు మరల్చకుండా పిల్లలను ఎత్తుకొని, చేతికర్రలు పైకెత్తి, కేకలు వేస్తూ వెనక్కి జరగాలి. దాడికి దిగితే పడుకోకుండా కర్రతో, రాయితో, చేతికందినదానితో తిరగబడాలి. కుక్కను వెంట తీసుకెళ్లడమంటే చిరుతను పిలవడమే.

ఏ జంతువు గాయపరచినా, రక్తం ధారగా కారుతుంటే ముందు శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టాలి. చిన్న గాయాన్నైనా 15 నిమిషాలు సబ్బునీటితో కడిగి, ఆసుపత్రిలో ధనుర్వాతం, రేబిస్ టీకాల గురించి అడగాలి. లోయల్లో ఫోన్ సిగ్నల్ అందకపోతే 108కు కబురు చేయడానికి ఒక్కరిని కాక, ఇద్దరు ముగ్గురిని కలిపి పంపాలి.