క్యామెల్ అప్: ఇంట్లో అందరికీ నేర్పే పద్ధతి

ఒంటెల పరుగు పందెం మీద సాగే ఈ బోర్డు ఆట నేర్పేటప్పుడు రూల్స్ చదివి వినిపించకండి. ముందు బోర్డు మీద పసుపు ఒంటెను పెట్టి, దాని మీద నీలం, ఆపైన ఎరుపు ఎక్కించండి. పసుపు పాచిక 3 పడితే పసుపుతో పాటు పైనున్న రెండూ మూడు గళ్లు ముందుకు పోతాయి. నీలం పాచిక పడితే నీలం, ఎరుపు మాత్రమే కదులుతాయి, పసుపు అక్కడే ఉంటుంది. ఒకే గడిలో ఉన్నవాటిలో అన్నిటికంటే పైనున్నదే ముందున్నట్టు లెక్క. ఇది చూశాక పిల్లలకైనా పెద్దవాళ్లకైనా ఆట సగం అర్థమైపోతుంది.

స్టెఫెన్ బోగెన్ రూపొందించిన ఈ ఆట 2014లో జర్మనీలో ‘స్పీల్ డెస్ యారెస్’ (ఆ ఏటి మేటి ఆట) అవార్డు గెలిచింది. ఎనిమిది మంది దాకా ఆడొచ్చు. ఎంత ఎక్కువ మంది ఉంటే గోల అంత బాగుంటుంది. ఒంటెలు ఎవరి సొంతమూ కావు, మనం వాటి మీద పందెం కాస్తాం, అంతే.

మొదటి రౌండ్‌లో రెండే పనులు చెప్పండి. పాచికలుండే పిరమిడ్ ఆకారపు డబ్బా నుంచి ఒక పాచిక తీస్తే ఒక నాణెం ఖాయం. లేదంటే ఈ రౌండ్‌లో ఏది ముందుంటుందో ఊహించి, ఆ రంగు పందెం బిళ్ల తీసుకోవాలి. గెలిస్తే మొదట తీసినవాళ్లకు 5, తర్వాతివాళ్లకు 3, ఆపై 2. ఆ ఒంటె రెండో స్థానంలో ఉంటే 1 వస్తుంది, ఇంకా వెనకబడితే 1 పోతుంది. అయిదు పాచికలూ బయటికొస్తే రౌండ్ అయిపోయినట్టే. కొత్త ఎడిషన్‌లో వెనక్కి నడిచే నలుపు, తెలుపు ఒంటెలున్నాయి. తొలి ఆటలో వాటినీ, వాటి బూడిద రంగు పాచికనూ పెట్టెలోనే ఉంచేయడం మంచిది.

పందెం ఎప్పుడు కాయాలో ఇలా చూపించండి. ఆకుపచ్చ పాచిక ఒక్కటే మిగిలింది. ముందున్న నీలం ఒంటెకు ఆకుపచ్చ రెండు గళ్లు వెనకుంది, మధ్య గడి ఖాళీ. పాచిక మీద 1, 2, 3 మాత్రమే ఉంటాయి, మూడింటికీ సమాన అవకాశం. 1 పడితే నీలమే ముందు. 2 పడితే ఆకుపచ్చ నీలం వీపెక్కి ముందుంటుంది, 3 పడితే దాటిపోతుంది. మూడింట రెండుసార్లు ఆకుపచ్చదే గెలుపు! ఆ బిళ్ల వదిలేసి ఒక్క నాణెం కోసం పాచిక తీయడం దండగ. మా అమ్మకు లెక్కలంటే ఇష్టముండదు, కానీ ఇది చూశాక చివరి పాచిక కోసమే కాచుకుని కూర్చుంటుంది.

రెండో రౌండ్‌లో ఎడారి బిళ్ల గురించి చెప్పండి. దాని మీదికొచ్చిన ఒంటెల గుంపు ఒక గడి ముందుకో వెనక్కో జరుగుతుంది, బిళ్ల పెట్టినవాళ్లకు ఒక నాణెం వస్తుంది. వెనక్కి జరిగిన గుంపు అక్కడున్న ఒంటెల కిందికి దూరుతుంది. ఇంట్లో పెద్ద పెద్ద కేకలు వినిపించేది అప్పుడే.

మొత్తం పరుగు పందెంలో మొదట, చివర నిలిచే ఒంటెలేవో ఊహించే రహస్య కార్డులను మూడో రౌండ్‌కు ఉంచండి. సరైన కార్డు ముందు వేసినవాళ్లకు 8 నాణేలు, తర్వాత 5, 3, 2, 1 చొప్పున. తప్పయితే ఒకటి పోతుంది. ఏదో ఒక ఒంటె ముగింపు గీత దాటగానే ఆట ఆపేసి, ముందు ఆ రౌండ్ లెక్క తేల్చండి. ఆ తర్వాతే ఈ కార్డులను వేసిన వరుసలో ఒక్కొక్కటీ తిప్పండి.