పాత మాంగనీసు డంపు మీద మొలిచిన ఆకుకూర తినొచ్చా? తేల్చుకోవడం ఎలా?

విజయనగరం జిల్లాలో చీపురుపల్లి, గరివిడి, గర్భాం వైపు తిరిగినవాళ్ళకు ఆ నల్ల గుట్టలు, అంటే మాంగనీసు గనుల నుంచి పారబోసిన మట్టి డంపులు, కొత్త కాదు. తొలకరి పడ్డ రెండు మూడు వారాలకు వాటి మీద గునుగు, తుమ్మికూర, అటికమామిడి, చెంచలి కూర గుబురుగా లేస్తాయి. పొద్దున్నే ఆడవాళ్ళు కొంగులో కోసుకుని వస్తారు. ఒకసారి ఒక పెద్దామెను ఆపి, అది గని మట్టి కదమ్మా అంటే, "ఆకు పచ్చగుంటే ఏటవుద్ది బాబూ?" అంది. ఆవిడ ప్రశ్న తీసిపారేసేది కాదు. చిక్కంతా ఆ పచ్చదనంతోనే ఉంది కాబట్టి ఈ వ్యాసం.

ముందే ఒక మాట. అడవి ఆకుకూరలు మానేయమని చెప్పడం నా ఉద్దేశం కాదు. మన ఇళ్ళలో రక్తహీనత ఉన్న ఆడవాళ్ళకు డబ్బు పెట్టకుండా దొరికే మంచి తిండి అదే. కోసే చోటు మార్చుకోవాలా వద్దా అన్నదే మనం తేల్చుకోవాల్సింది.

మొదటి పని: అది గుట్టా, డంపా?

విజయనగరం జిల్లాలో మాంగనీసు తవ్వకం 1890లలోనే మొదలైంది. దేశంలో ఈ ఖనిజాన్ని మొదట తవ్వింది ఇక్కడే. ఇక్కడి కోడూరు పేరు మీదే ఒక రాయికి భూగర్భ శాస్త్రంలో కోడురైట్ అని పేరు పెట్టారు. ఇన్నేళ్ళలో ఖనిజం ఏరుకుని పారబోసిన మట్టి, రాతి ముక్కలు చాలాచోట్ల మామూలు గుట్టల్లాగే కలిసిపోయాయి. చెట్లు మొలిచాక కొత్తవాళ్ళు పోల్చుకోలేరు.

పోల్చుకోవడానికి కొన్ని గుర్తులు ఉన్నాయి. గుప్పెడు మట్టి తీసి తడిపి అరచేతిలో రుద్దండి. మసి పూసినట్టు నల్లగా అంటుకుని, కడిగినా తొందరగా వదలకపోతే మాంగనీసు ఆక్సైడ్ ఉందని అనుమానించాలి. గుట్ట పైన బల్లపరుపుగా ఉండి, ఒక పక్క నిటారుగా జారినట్టు ఉంటే అది పారబోసిన మట్టి. మధ్యమధ్య గడ్డి కూడా మొలవని బోడి మచ్చలు ఉంటాయి. పక్కనే నీళ్ళు నిలిచిన లోతైన గొయ్యి ఉంటే ఇక అనుమానమే అక్కర్లేదు. వీటన్నిటికన్నా నమ్మకమైనది ఊళ్ళో గనిలో పనిచేసిన ముసలివాళ్ళను అడగడం. ఏ గుట్ట ఎప్పుడు ఎక్కడి మట్టితో లేచిందో వాళ్ళకు నోటికి వచ్చు.

డంపు ఒక్కటే చూసి ఆగిపోకూడదు. వాన నీళ్ళు దాని మీంచి ఎటు జారుతున్నాయో, ఆ వాగు ఏ పొలంలో, ఏ చెరువులో కలుస్తోందో కూడా చూడండి. నల్ల ఒండ్రు పేరుకున్న ప్రతి చోటూ డంపు కిందే లెక్క. లారీలు తిరిగిన దారి అంచు కూడా.

రెండో పని: ఏ మొక్కను ముందు వదిలేయాలి?

మొక్కలన్నీ లోహాన్ని ఒకే తీరుగా పీల్చవు. కొన్ని వేళ్ళ దగ్గరే ఆపేస్తాయి. కొన్ని పైకి లాగి ఆకుల్లో దాచుకుంటాయి. ఎండు ఆకు కిలోకు 10,000 మిల్లీగ్రాములకు మించి మాంగనీసు దాచుకోగల మొక్కలను శాస్త్రవేత్తలు విడిగా ఒక జాబితాలో పెట్టారు. మన గునుగు, అంటే గులాబీ కలిసిన తెల్లకంకి వేసే ఆ మొక్క, ఆ జాబితాలో ఉంది! కోడిజుట్టు పువ్వుకు అడవి చుట్టం అది. మాంగనీసుతో పాటు కాడ్మియం అనే విష లోహాన్ని కూడా బాగా లాగుతుందని తేలింది. గని నేలలను బాగుచేయడానికి దీన్ని కావాలనే పెంచి చూశారు కూడా. మామూలు మొక్క అంత లోహానికి ఆకు మీద గోధుమ మచ్చలు వేసి, అంచులు ముడుచుకుని తెలిసిపోతుంది. గునుగు మాత్రం నిగనిగలాడుతూ ఉంటుంది. పెద్దామె చెప్పిన పచ్చదనం ఇక్కడ మనల్ని మోసం చేస్తుంది.

కాబట్టి డంపు మీద గునుగును పరీక్ష చేయించేదాకా ముట్టుకోవద్దు. డంపు మట్టి చేరని తోట భూమిలో మొలిచిన గునుగుకు ఈ గొడవ లేదు.

తోటకూర జాతి మొక్కలు కాడ్మియాన్ని తొందరగా పీలుస్తాయి. గోతుల గట్ల మీద పాకే పొన్నగంటి విషయంలో ఇంకో చిక్కు ఉంది. నీళ్ళు నిలిచిన మట్టిలో గాలి ఆడక మాంగనీసు కరిగే రూపంలోకి మారుతుంది, వేరుకు సులువుగా అందుతుంది. పుట్టగొడుగులు కాడ్మియం, పాదరసం లాంటివాటిని కూడబెడతాయి కనుక డంపు మీద అసలు ఏరకండి. రేగు, సీతాఫలం, నేరేడు లాంటి పండ్ల దగ్గర భయం తక్కువ. సాధారణంగా లోహం వేరులో ఎక్కువ, ఆకులో తర్వాత, పండులో అన్నిటికన్నా తక్కువ. దుమ్ము కడుక్కుని తినడం మాత్రం తప్పదు.

మూడో పని: ఇప్పటికే కోసి తెచ్చేసి ఉంటే?

కడగడం వల్ల ఆకు మీది దుమ్ము పోతుంది, లోపలిది పోదు. అయినా కడగండి, దుమ్ము వాటా తక్కువేం కాదు. వేళ్ళు, కింది ముదురాకులు తీసేసి, వెడల్పు గిన్నెలో మూడు నాలుగు సార్లు నీళ్ళు మార్చి, అడుగున నల్ల ఇసుక కనబడనంతవరకు కడగాలి. ఉడికించి ఆ నీళ్ళు పారబోస్తే లోపలిది కొంత తగ్గవచ్చు, అంతే. పసుపు వేసినా, చింతపండు పిండినా, కుక్కర్లో ఎన్ని విజిల్స్ వచ్చినా లోహం విరిగిపోదు. అది క్రిమి కాదు చచ్చిపోవడానికి.

ఒకటి రెండు సార్లు తిన్నామని టెన్షన్ పడక్కర్లేదు. మాంగనీసు ఒంటికి కావాల్సిన ఖనిజమే. తిండిలో వచ్చినదాన్ని పేగు కొద్దిగానే పీల్చుకుంటుంది, మిగిలింది బయటకు పోతుంది. ప్రమాదమంతా రోజూ తినే అలవాటులో, ఊపిరితో లోపలికి పోయే దుమ్ములో ఉంది. మాంగనీసు పొడి పీల్చిన కార్మికుల్లో నడక తడబడటం, కండరాలు బిగుసుకోవడం 1837లోనే స్కాట్లాండ్‌లో ఒక వైద్యుడు రాసిపెట్టాడు. అందుకే ఆకు కోయడానికి వెళ్ళినా, మేకల వెంట వెళ్ళినా ఎండిన డంపు మీద పిల్లలను ఆడనివ్వకండి. ఒంట్లో ఇనుము తక్కువగా ఉన్నవాళ్ళ పేగు మాంగనీసు, కాడ్మియం, సీసం మూడింటినీ ఎక్కువగా లాక్కుంటుంది. గర్భిణులు, రక్తం తక్కువ ఉన్న ఆడవాళ్ళు, పసిపిల్లలకు డంపు మీది కూర పెట్టకపోవడమే మేలు.

నాలుగో పని: నమూనా తీయడం

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. భూసార పరీక్ష కార్డు ఉంది కదా, అందులో మాంగనీసు సరిపడా ఉందని రాశారు కదా అంటారు. ఆ కార్డు పంట కోసం. అందులోని 12 అంశాల్లో సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ లేవు. మాంగనీసు ఉన్నా, అది పంటకు లోటు పడిందా అని చూసే లెక్క, ఎక్కువైందా అని కాదు.

ఆకు నమూనా, దాని కింది మట్టి నమూనా రెండూ ఒకే చోట తీయండి. ఒక్క మొక్కతో పని కాదు. మీరు రోజూ కోసే చోట 15, 20 మొక్కల నుంచి, మీరు తినే లేత ఆకునే కోయండి. పచ్చి ఆకు అరకిలో నుంచి కిలో ఉంటే సరిపోతుంది. వంటకు కడిగినట్టే కడిగి, చివరిసారి బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో కడగండి. తెల్ల కాగితం మీద నీడలో ఆరబెట్టండి. పేపరు మీద వద్దు, సిరా అంటుకుంటుంది. ఎండలో డాబా మీద కూడా వద్దు, డంపు దుమ్మే మళ్ళీ వచ్చి పడుతుంది. ఆరాక కాగితం కవర్లో పెట్టండి. ప్లాస్టిక్ సంచిలో పచ్చాకు పెడితే రెండో రోజుకే బూజు.

మట్టికి ఎనిమిది పది చోట్ల వి ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, పక్క నుంచి పలచగా మట్టి చెక్కాలి. అన్నీ కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు తీసేసి, మళ్ళీ కలిపి, అరకిలో మిగిలేదాకా అలా చేయండి. వెదురు బద్ద గానీ ప్లాస్టిక్ చెంచా గానీ వాడండి. జింకు పూత ఉన్న రేకు పార వాడితే ఆ జింకే రిపోర్టులో కనబడుతుంది.

వీటికి తోడు ఇంకో జత తప్పనిసరి. డంపుకు దూరంగా, వాన నీళ్ళు అటు చేరని మామూలు పొలంలో అదే మొక్క ఆకు, దాని కింది మట్టి తీయండి. పోల్చడానికి ఇది లేకపోతే డంపు అంకె చూసి దేనికి భయపడాలో, దేనికి అక్కర్లేదో తెలియదు. ప్రతి కవరు మీద తేదీ, చోటు, మొక్క పేరు పెన్సిల్‌తో రాయండి.

ఐదో పని: ల్యాబును అడగాల్సినవి, రిపోర్టు చదవడం

ఆమదాలవలస, రస్తాకుంటుబాయి కృషి విజ్ఞాన కేంద్రాల్లో మట్టి గురించి సలహా అడగవచ్చు. ఆకులో సీసం, కాడ్మియం కొలవాలంటే విశాఖపట్నంలోని గుర్తింపు పొందిన ఆహార పరీక్ష ల్యాబులకు వెళ్ళాలి. డబ్బు కట్టే ముందు రెండు ప్రశ్నలు అడగండి. ఏయే లోహాలు చూస్తారు? మాంగనీసు, సీసం, కాడ్మియం, ఆర్సెనిక్, నికెల్, కోబాల్ట్ ఉండాలి. మాంగనీసు ఆక్సైడ్ ఇతర లోహాలను తనకు అంటించుకునే రకం, అందుకే ఇంత జాబితా. దగ్గర్లో ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీ స్లాగు, అంటే ఖనిజం కరిగించాక మిగిలే చిట్టెం, పోసి ఉంటే క్రోమియం కూడా చేర్చండి. రెండో ప్రశ్న, ఎంత తక్కువ వరకు కొలవగలరు? ఆకుకూరల్లో అంతర్జాతీయ ఆహార ప్రమాణాలైన కోడెక్స్ పెట్టిన పరిమితి కిలో పచ్చి ఆకుకు సీసం 0.3 మిల్లీగ్రాములు, కాడ్మియం 0.2. పచ్చి ఆకు లెక్కలో కిలోకు 1 మిల్లీగ్రాము కన్నా తక్కువ కొలవలేని యంత్రం మీద "కనబడలేదు" అని వస్తే ఆ మాటకు విలువ లేదు.

రిపోర్టు చేతికి వచ్చాక ముందు చూడాల్సింది, అంకె ఎండు ఆకుదా, పచ్చి ఆకుదా అని. ఆకుకూరలో పదింట తొమ్మిది వంతులు నీళ్ళే. ఎండు ఆకులో సీసం కిలోకు 2 అని వస్తే పచ్చి ఆకులో సుమారు 0.2. పరిమితి లోపలే. ఈ తేడా తెలియక ఊరంతా హడలిపోయే ప్రమాదం ఉంది. అసలు హద్దు దాటినా దాటలేదనుకునే ప్రమాదమూ ఉంది.

గునుగుతో ఒక లెక్క వేద్దాం. ఎండు ఆకులో మాంగనీసు కిలోకు 10,000 ఉందనుకోండి. 100 గ్రాముల పచ్చి ఆకులో ఎండు భాగం 10 గ్రాములు, అందులో మాంగనీసు 100 మిల్లీగ్రాములు. పెద్దవాళ్ళకు రోజుకు 11 మిల్లీగ్రాములు దాటవద్దని అమెరికా పోషకాహార ప్రమాణాలు చెబుతాయి. తొమ్మిది రెట్లు! ఇందులో ఒంటికి పట్టేది కొద్దిగానే అయినా, వారానికి నాలుగు సార్లు కూరలో పడాల్సినంత మంచి తిండి కాదది.

డబ్బు చాలకపోతే పదిమంది కలిసి చందా వేసుకోండి. గనుల ప్రభావం ఉన్న ఊళ్ళకు తాగునీరు, కాలుష్య నియంత్రణ పనుల కోసం 2015 చట్ట సవరణతో జిల్లా ఖనిజ నిధి వచ్చింది. పంచాయతీ తీర్మానంతో కలెక్టరు కార్యాలయంలో అర్జీ పెట్టి అడగవచ్చు. అడిగేటప్పుడు గోతిలోని నీటికి కూడా పరీక్ష రాయించండి. తాగే నీటిలో మాంగనీసు లీటరుకు 0.1 మిల్లీగ్రాముల లోపు ఉండాలని, వేరే దారి లేకపోతే 0.3 వరకు పర్వాలేదని మన దేశ ప్రమాణం.

పెరట్లోకి ఆ మట్టి వచ్చేసి ఉంటే

చాలా ఇళ్ళలో పునాదికి, పెరడు ఎత్తు పెంచడానికి డంపు మట్టే తోలించారు. అక్కడ కూరపాదులు ఉంటే మట్టిని తవ్విపోసే పని పెట్టుకోకండి. అడుగున్నర ఎత్తున ఇటుకల గట్టు కట్టి, మంచి చేను మట్టి, పశువుల ఎరువు నింపి అందులో వేసుకోండి. పాత మట్టిలోనే వేయాల్సి వస్తే ముందు పిహెచ్, అంటే నేల పులుపు ఎంతో చూడండి. పుల్ల నేలలో మాంగనీసు, కాడ్మియం, జింకు ఎక్కువ కరుగుతాయి. పరీక్షలో చెప్పిన మోతాదులో సున్నం వేసి పులుపు తగ్గిస్తే మొక్కకు అందేది తగ్గుతుంది. ఆర్సెనిక్ ఉందని తేలిన నేలలో మాత్రం సున్నం జోలికి పోవద్దు, దాని స్వభావం వేరు. నీళ్ళు నిలవకుండా కాలువ తీయండి. ఆకుకూరలు వద్దు, బెండ, ఆనప, చిక్కుడు వేయండి.

పెరట్లోంచి పీకిన గునుగును ఎరువు గుంటలో వేయకండి, పొయ్యిలోకీ వద్దు. కాలితే ఆకు పోతుంది గానీ లోహం బూడిదలో చిక్కగా మిగులుతుంది. ఆ బూడిద మళ్ళీ అంట్లు తోమడానికో, పాదులకో చేరుతుంది. పీకిన మొక్కలను పట్టుకెళ్ళి ఆ డంపు మీదే లోతుగా గొయ్యి తీసి పూడ్చేయండి.