గ్యాస్ డిటెక్టర్ పీల్చే గాలిని సరిగ్గా అమర్చుకోవడం ఎలా?

జడ్చర్ల పక్కన పోలేపల్లిలో గానీ, చౌటుప్పల్ చుట్టుపక్కల గానీ బల్క్ డ్రగ్ యూనిట్లలో పనిచేసేవారికి టోలుయీన్, ఎసిటోన్ వంటి ద్రావకాల ఆవిరిని పసిగట్టే డిటెక్టర్లు కొత్తవి కావు. వాటిలో పంపుతో గాలిని గుంజుకునే రకాన్ని అమర్చడంలో జరిగే తప్పులను ఏళ్లుగా చూస్తున్నాను. రీడింగ్ తేడాగా రాగానే సెన్సర్‌ను తిట్టడం, దాన్ని మార్చడం అందరూ చేస్తారు కానీ, ఆ సెన్సర్ దాకా గాలి ఎలా వస్తున్నదో చూసేవారు తక్కువ.

కావలసిన సామాను ఎక్కువేమీ లేదు. నిమిషానికి ఒక లీటరు వరకు చూపే చిన్న రోటామీటర్ (లోపలి గోలీ ఎంత పైకి లేస్తే గాలి ప్రవాహం అంత అని చూపే నిలువు గొట్టం), ప్రవాహాన్ని కొద్దికొద్దిగా సరిచేసే ఒక నీడిల్ వాల్వ్, టెఫ్లాన్ ట్యూబు, దుమ్ము ఫిల్టర్, మూడు దారుల టీ జాయింట్ ఒకటి, పరీక్ష గ్యాస్ సిలిండర్ ఉంటే చాలు. సిలికాన్ ట్యూబు మెత్తగా ఉంటుందని వాడకండి, అది ద్రావకపు ఆవిరిని తనలోకి పీల్చుకుని తర్వాత మెల్లగా వదులుతుంది. ప్లాంటు లోపలైతే వర్క్ పర్మిట్ చేతికి వచ్చాకే పని మొదలుపెట్టాలి.

ఇన్‌లెట్ కొనను ఎక్కడ పెట్టాలన్నది ఆవిరి బరువును బట్టి ఉంటుంది. టోలుయీన్ ఆవిరి గాలి కన్నా మూడింతలకు పైగా బరువు కాబట్టి కొన నేలకు మూరెడు ఎత్తులోనే ఉండాలి. ఎగ్జాస్ట్ ఫ్యాను ఎదురుగా మాత్రం పెట్టకూడదు. ట్యూబు లోపలి వ్యాసం 4 మిల్లీమీటర్లకు మించకుండా చూసుకోండి. ఆ కొలతలో 10 మీటర్ల ట్యూబులో సుమారు 126 మిల్లీలీటర్ల గాలి పడుతుంది కనుక, నిమిషానికి 500 మిల్లీలీటర్లు గుంజే పంపుతో కొన దగ్గరి గాలి సెన్సర్‌కు చేరడానికి 15 సెకన్లు పడుతుంది. అదే 6 మిల్లీమీటర్ల ట్యూబైతే 34 సెకన్లు ఆగవలసి వస్తుంది. లీకయ్యే చోట నిలబడ్డ మనిషికి ఆ తేడా చిన్నది కాదు.

ఇక అసలు కష్టం నీడిల్ వాల్వ్‌ను ఎక్కడ బిగించాలన్న దగ్గర వస్తుంది. చేతికి అందుతుందని చాలామంది దాన్ని సెన్సర్‌కు ముందు, ఇన్‌లెట్ వైపే బిగిస్తారు. కొందరైతే వాల్వ్ కూడా లేకుండా ట్యూబునే క్లిప్పుతో నొక్కి ఊరుకుంటారు. ముందు వైపు బిగిస్తే వెనక పంపు గుంజుతూనే ఉంటుంది కాబట్టి వాల్వ్‌కూ పంపుకూ మధ్యనున్న భాగమంతా, సెన్సర్ గదితో సహా, బయటి గాలి కన్నా తక్కువ ఒత్తిడిలో పడుతుంది. అక్కడ జాయింట్‌లో ట్యూబును పట్టి ఉంచే ఏ ఫెర్రూల్ (రింగు) కాస్త వదులుగా ఉన్నా గది గాలి ఆ సందులోంచి లోపలికి దూరి నమూనాను పలుచన చేస్తుంది. వాల్వ్‌ను సెన్సర్‌కు వెనక, పంపుకు ముందు బిగిస్తే ఆ తక్కువ ఒత్తిడి పంపు దగ్గరే ఆగిపోయి, సెన్సర్ గది దాదాపు బయటి ఒత్తిడిలోనే ఉంటుంది.

ఒక యూనిట్‌లో పరీక్ష గ్యాస్‌గా 100 పీపీఎమ్ (పది లక్షల భాగాల్లో 100) ఐసోబ్యుటిలీన్ ఇచ్చినప్పుడు, అతినీలలోహిత కాంతితో ఆవిరిని పసిగట్టే పీఐడీ డిటెక్టర్ 70 దగ్గరే ఆగిపోయేది. అక్కడివారు స్పాన్ (రీడింగ్‌ను పరీక్ష గ్యాస్ అంకెకు సరిపెట్టే సర్దుబాటు) పెంచి దాన్ని 100 చూపేలా చేసి, పని అయిపోయిందనుకున్నారు. నేను వెళ్లినప్పుడు హెల్పర్ పిల్లవాడు, "సార్, నీడిల్ ఎంత తిప్పినా గోలీ గింత గూడ కదుల్తలేదు" అన్నాడు. వాల్వ్ ముందు వైపు ఉంది, దాని వెనక ఫెర్రూల్ ఒకటి వదులైంది, పంపు గుంజే 500 మిల్లీలీటర్లలో 150 దాకా గది గాలే వస్తున్నది. స్పాన్ పెంచడం వల్ల ఆ లీకు కనబడకుండా పోయింది, అంతే. మరునాడు ఎవరైనా ఫెర్రూల్ బిగిస్తే అదే డిటెక్టర్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపేది.

ప్రవాహాన్ని సరిచేసేటప్పుడు ఫిల్టర్, ట్యూబు అన్నీ తగిలించి, రోటామీటర్‌ను నిట్టనిలువుగా ఇన్‌లెట్ కొనకు కలపండి. దాన్ని పంపుకు ముందు, వాల్వ్‌కు వెనక పెడితే తక్కువ ఒత్తిడి వల్ల తప్పు అంకె చూపుతుంది. పంపును పది నిమిషాలు నడవనిచ్చి, వాల్వ్‌ను పూర్తిగా మూసి, పావు చుట్టు చొప్పున తెరుస్తూ మాన్యువల్‌లో ఇచ్చిన అంకెకు రండి. తెరిచి మూస్తూ రావడం పద్ధతి కాదు, ఎప్పుడూ మూసిన వైపు నుంచే రావాలి. గోలీని దాని నడుము దగ్గర చదవాలి. డయాఫ్రమ్ పంపు కొట్టుకోవడం వల్ల గోలీ గంతులు వేస్తుంటే, రోటామీటర్‌కూ ఇన్‌లెట్ కొనకూ మధ్య, ఈ కొలత చూసేంతసేపే, మీటరు పొడవు మెత్తటి ట్యూబు కలపండి, నిలకడకు వస్తుంది. పంపు వోల్టేజీ తగ్గించి ప్రవాహం తగ్గించేవారూ ఉన్నారు కానీ, బలం తగ్గిన పంపు ఫిల్టర్‌కు కాస్త దుమ్ము పట్టగానే చతికిలపడుతుంది.

తర్వాత రోటామీటర్‌ను పంపు ఎగ్జాస్ట్‌కు మార్చి, ఇన్‌లెట్ కొనను బొటనవేలితో ఐదు సెకన్లు మూయండి. గోలీ సున్నాకు పడిపోవాలి. కొద్దిగానైనా పైన తేలుతుంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. అప్పుడు ఒక్కో జాయింట్ విప్పుతూ సెన్సర్ వైపుకు జరుగుతూ, విప్పిన చోటల్లా వేలితో మూసి చూడండి. గోలీ ఎక్కడ పడిపోతే, లీకు అంతకు ముందు విప్పి తీసిన భాగంలో ఉన్నట్టు. ఈ పరీక్షకు సబ్బు నీళ్లు వాడవద్దు. లోపల తక్కువ ఒత్తిడి ఉన్నచోట బుడగలు రావు సరికదా, ఆ నీళ్లు సెన్సర్‌లోకి పోతాయి.

పరీక్ష గ్యాస్‌ను సెన్సర్ మూతి దగ్గర ఇస్తే లీకున్న ట్యూబు కూడా పాసైపోతుంది కనుక, ఇన్‌లెట్ చివరి కొన దగ్గరే ఇవ్వాలి. సిలిండర్ రెగ్యులేటర్ నిమిషానికి లీటరు ఇచ్చేదైతే మధ్యలో టీ జాయింట్ పెట్టి, మిగిలిన గ్యాస్ అడుగు పొడవు ట్యూబు గుండా బయటికి పోయేలా చూడండి. ఆ ట్యూబు చివర పట్టుకున్న టిష్యూ ముక్క బయటి వైపే ఊగాలి. లోపలికి అంటుకుంటే రెగ్యులేటర్ ఇచ్చేది పంపు గుంజేదానికి చాలడం లేదని తెలుసుకోండి.

డిటెక్టర్ ఏసీ గదిలో ఉంటే వానకాలంలో బయటి తేమ గాలి ట్యూబులో చల్లబడి నీరుగా మారుతుంది. అందుకే ట్యూబును బయటి వైపుకు వాలుగా వేయాలి. ఎండాకాలంలో ఎర్రమట్టి దుమ్ము లేచే చోట ఫిల్టర్‌ను పదిహేను రోజులకోసారి మార్చి, మార్చిన ప్రతిసారీ రోటామీటర్ మళ్లీ పెట్టి చూసి, తేదీని, అంకెను ట్యూబుకు కట్టిన చీటీ మీద రాయండి.