ప్లగ్గులు మార్చాక బండి మిస్ కొడుతోందా? ముందు బిగింపు చూడండి

కొత్త స్పార్క్ ప్లగ్గులు (ఇంజిన్‌లో పెట్రోల్‌ని అంటించే నిప్పురవ్వ ఇచ్చేవి) వేశాక ఇంజిన్ మిస్ కొట్టినా, పికప్ తగ్గినా చాలామంది ఆ ప్లగ్గుకి కరెంటు ఇచ్చే కాయిల్ పోయిందనో పెట్రోల్ కల్తీ అనో ఖర్చు మొదలెట్టేస్తారు. ఆగండి. ప్లగ్గులు మార్చిన వెంటనే వచ్చిన తేడా అయితే ముందు వెతకాల్సింది చెయ్యి పెట్టిన చోటే.

ఇంజిన్ పైభాగంలో టిక్ టిక్‌మని చప్పుడు, రేస్ చేస్తే ఇంకా ఎక్కువవుతోంది. ప్లగ్గు లూజుగా ఉండి కంప్రెషన్ బయటికి తన్నుతుంటే ఇలాగే వినిపిస్తుంది. చప్పుడే కదా అని వదిలేయొద్దు, ఎందుకంటే ప్లగ్గు మొనకి పట్టిన వేడి చాలావరకు మరల (థ్రెడ్) గుండా, వాషర్ గుండానే హెడ్‌లోకి, అంటే సిలిండర్ పైమూతలోకి దిగాలి, వాషర్ సరిగ్గా నలగకపోతే ఆ వేడికి దారి లేక మొన ఎర్రగా కాలి, స్పార్క్ పడకముందే పెట్రోల్ అంటుకుంటుంది, అలాగే లాగిస్తే పిస్టన్‌కి చిల్లు పడే ప్రమాదం కూడా ఉంది.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక విప్పండి. ముందు గాలి కొట్టి ప్లగ్గు గుంటలో దుమ్ము పోగొట్టండి, లేకపోతే అదంతా సిలిండర్‌లోకే. తిరిగి వేసేటప్పుడు రాట్చెట్ (తిప్పే పిడి) తగిలించకుండా సాకెట్, ఎక్స్‌టెన్షన్ పట్టుకుని వేళ్లతోనే చివరిదాకా దించాలి. అల్యూమినియం హెడ్‌లో వాషర్ ఉన్న 14 ఎం.ఎం. (మర వ్యాసం) ప్లగ్గుకి టార్క్, అంటే బిగించే బలం, సాధారణంగా 25-30 న్యూటన్ మీటర్లు, 12 ఎం.ఎం.కి 15-20. మీ బండి మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే ఫైనల్.

టార్క్ రెంచ్ (బిగింపు కొలిచే పానా) లేదా? 14 ఎం.ఎం. కొత్త ప్లగ్గు అయితే వేళ్లకి ఆగిన దగ్గర్నుంచి అర చుట్టు, మహా అయితే చుట్టులో మూడింట రెండు వంతులు. పాత ప్లగ్గే మళ్లీ వేస్తుంటే వాషర్ అప్పటికే నలిగి ఉంటుంది కాబట్టి గడియారంలో ఒక గంట జరిగినంత చాలు. వాషర్ లేకుండా ఏటవాలు సీటు ఉన్నదానికి పదహారో వంతు చుట్టే, అంతకు మించితే తర్వాత విప్పడం నరకం.

రెండు చుట్లకే గట్టిపడిందంటే మర అడ్డంగా ఎక్కుతోంది. పానాతో బలవంతం చేయకండి! బయటికి తీసి, ప్లగ్గు నెత్తికి రబ్బరు పెట్రోల్ పైపు ముక్క తొడిగి దానితో తిప్పండి. మర తప్పితే పైపు జారుతుంది తప్ప హెడ్ పాడవదు.

ఐడిల్‌లో బాగానే ఉండి ఎత్తు ఎక్కేటప్పుడే మిస్ కొడితే ప్లగ్గు మీది తెల్ల పింగాణీ పగిలిందేమో చూడండి. సాకెట్ వంకరగా పట్టినా, ప్లగ్గు కింద పడినా సన్నని గీతలా చీలుతుంది. దానికి రిపేరు లేదు, మార్చడమే. పింగాణీ మీద గోధుమ రంగు మరక మాత్రం లీకు కాదు, దానికి టెన్షన్ పడకండి.

ఇంకొకటి, మరలకి గ్రీజు రాసే అలవాటు. ఇప్పటి ప్లగ్గుల మరలకి పూత ఉంటుంది, గ్రీజు అవసరం లేదు. రాసి మామూలు టార్కే పెడితే మర జారుడుకి అసలు బిగువు బాగా ఎక్కువైపోయి ప్లగ్గు సాగుతుంది, లేదా హెడ్‌లో థ్రెడ్ పోతుంది. థ్రెడ్ పోతే మాత్రం ఇంట్లో ప్రయత్నించొద్దు, హెలీకాయిల్ (పోయిన థ్రెడ్ చోట వేసే తీగ చుట్ట) వేసే అనుభవం ఉన్న మెకానిక్‌కి ఇచ్చి, కోసిన రజను సిలిండర్‌లో పడకుండా ఏం జాగ్రత్త తీసుకుంటారో ముందే అడగండి.